వాలిన పిట్ట ఎవరిది?

దివ్య ఖుర్ఆన్ మనిషిని ఎన్నో ప్రశ్నలు అడుగుతుంది. కొన్ని బుద్ధిని అడిగేవి, కొన్ని మనస్సాక్షిని అడిగేవి. సూరా అల్ ముల్క్ (67:19)లో వచ్చే ఒక ప్రశ్న మాత్రం నేరుగా కంటిని అడుగుతుంది. తమ తలలపైన రెక్కలు చాపుతూ ముడుస్తూ ఎగిరే పక్షులను మనుషులు గమనించలేదా అని అల్లాహ్ అక్కడ ప్రశ్నిస్తున్నాడు. వాటిని ఆకాశంలో నిలిపి ఉంచుతున్నది తానేనని కూడా తెలియజేస్తున్నాడు. మనలో చాలామంది ఈ సూరాను రోజూ రాత్రి నిద్రకు ముందు పారాయణం చేస్తారు. రాత్రి ఆ ప్రశ్న చదువుతాం. తెల్లవారాక పిట్ట వైపు ఒక్కసారి కూడా చూడకుండా పనుల్లో పడిపోతాం.

అసలు పిట్టలను, పురుగులను చూస్తూ కూర్చోవడం పనిలేనివారి కాలక్షేపమా? లేక అది కూడా ఆరాధనలో భాగమా? ఒకవేళ ఆరాధనే అయితే, చూసినవారి మీద ఏదైనా బాధ్యత పడుతుందా? మన ముంగిట్లో వాలిన పిట్ట ఎవరిది? ఇవి పైకి చిన్న ప్రశ్నల్లా కనిపిస్తాయి. కానీ వీటికి మనమిచ్చే సమాధానాన్ని బట్టే ఇంట్లో పిల్లల మనసు మెత్తబడటమో, బండబారటమో జరుగుతుంది.

బాగ్ అంటే తోట

హైదరాబాద్ పాతబస్తీలోని కిషన్‌బాగ్ పేరులోనే తోట ఉంది. ఇప్పుడు అక్కడ ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్లు, ఇరుకు గల్లీలే ఎక్కువ. పెరడంటే కొన్ని ఇళ్లలో నాలుగు గజాల ఆంగన్, మరికొన్ని ఇళ్లలో డాబా మీద పెట్టిన పది కుండీలు. ఓ కరివేపాకు మొక్క, ఓ గోరింటాకు చెట్టు, దానిమ్మో జామో, కాస్త మల్లె, ఓ మందారం. అంతే.

అయినా ఆ కొంచెం పచ్చదనాన్ని వెతుక్కుంటూ అతిథులు వస్తూనే ఉంటారు. ఒక పక్క మూసీ నది ఉంది. దగ్గర్లోనే 1963లో ప్రారంభమైన నెహ్రూ జంతు ప్రదర్శనశాల, దాన్ని ఆనుకుని రెండు వందల ఏళ్లు దాటిన మీర్ ఆలం చెరువు ఉన్నాయి. అక్కడి చెట్లకు, నీళ్లకు చేరే పక్షులకు మన డాబాలు దారిలో ఉన్న సరాయిల వంటివి. పొద్దున్నే గోరింకల జంట వచ్చి గోడ మీద వాదులాడుకుంటుంది. మందార పువ్వు దగ్గర బొటనవేలంత తేనెపిట్ట రెక్కలాడిస్తూ కనిపిస్తుంది. మధ్యాహ్నం పైన గద్ద, మన ఇళ్లలో చీల్ అని పిలుచుకునేది, రెక్క కదపకుండా గుండ్రంగా తిరుగుతుంది. జంతు ప్రదర్శనశాలలో జంతువులను చూడటానికి మనం టికెట్ కొంటాం. ఈ ప్రాణులు మాత్రం ఏ రుసుమూ లేకుండా మన ముంగిటికే వస్తున్నాయి. వాటిని చూసే తీరిక మాత్రం మనకు లేదు.

మనలాంటి సముదాయాలు

భూమ్మీద సంచరించే జంతువులు, రెండు రెక్కలతో ఎగిరే పక్షులు కూడా మీలాంటి సముదాయాలేనని సూరా అల్ అన్‌ఆమ్ (6:38) బోధిస్తుంది. మనిషి సముదాయానికి వాడిన 'ఉమ్మత్' అన్న మాటనే ఖుర్ఆన్ వాటికీ వాడింది. అంటే వాటికీ ఒక జీవన విధానం ఉంది, వాటికీ తమ ప్రభువుతో ఒక సంబంధం ఉంది. రెక్కలు చాపి ఎగిరే పక్షులు సహా ఆకాశాల్లో, భూమిలో ఉన్నవన్నీ అల్లాహ్‌ను స్తుతిస్తున్నాయని, ప్రతి ఒక్కదానికీ తన నమాజు, తన స్తోత్రం తెలుసునని సూరా అన్ నూర్ (24:41) చెబుతోంది.

ఈ సందర్భంలో బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉన్న ఒక హదీసును గుర్తు చేసుకోవాలి. పూర్వం ఒక ప్రవక్తను చీమ కుట్టింది. ఆయన ఆ చీమల పుట్టనంతా తగలబెట్టించారు. కుట్టింది ఒక చీమ అయితే, తనను స్తుతించే ఒక సముదాయాన్నే ఎందుకు నాశనం చేశావని అల్లాహ్ ఆయనను మందలించాడు. ఇక్కడ మందలింపుకు కారణాన్ని గమనించండి. చీమల వల్ల మనిషికి కలిగే ప్రయోజనం ఏదీ అక్కడ ప్రస్తావనకు రాలేదు. అవి అల్లాహ్‌ను స్తుతిస్తున్నాయి, అంతే. మనకు పనికి రాకపోయినా ప్రాణికి విలువ ఉంటుందని దీనివల్ల తెలుస్తోంది.

పురుగు లేని పెరట్లో పిట్ట ఉండదు

పిట్టలంటే అందరికీ ముద్దే. పురుగులంటేనే చీదర. కరివేపాకు మీద పక్షి రెట్టలా కనిపించేదాన్ని చూసి చాలామంది మొక్కను కడిగేస్తారు, లేదా మందు కొడతారు. కొంచెం ఆగి చూస్తే అది రెట్ట కాదని, సీతాకోకచిలుక పిల్ల అని తెలుస్తుంది. నిమ్మ, కరివేపాకు మొక్కలపై పెరిగే ఈ పురుగు చిన్నతనంలో రెట్టను పోలిన రంగులో ఉండి పక్షుల కంటి నుంచి తప్పించుకుంటుంది. పెద్దయ్యాక ఆకులో కలిసిపోయేలా పచ్చగా మారుతుంది. కదిలిస్తే తల వెనుక నుంచి కొమ్ములాంటిది బయటకు చాచి ఘాటైన వాసన వదులుతుంది. కొన్ని వారాలకు గూటిలోంచి రెక్కలతో బయటికి వస్తుంది. కూర పోపులో నాలుగు ఆకులు తగ్గినందుకు మనకు దక్కే ప్రతిఫలం ఇది.

పైకప్పు మూలలో మట్టి కుండను కట్టే కందిరీగను చూడండి. అది ఆ కుండలో గుడ్డు పెడుతుంది. కుట్టి కదలకుండా చేసిన పురుగులను తెచ్చి నింపుతుంది. మూతి మూసి వెళ్లిపోతుంది. తన బిడ్డ ముఖాన్ని అది చూడదు. అయినా బిడ్డ బయటికి వచ్చేదాకా సరిపడే ఆహారం లోపల సిద్ధంగా ఉంటుంది. అల్లాహ్ ఉపాధి బాధ్యత వహించని ప్రాణి భూమ్మీద ఏదీ లేదన్న సూరా హూద్ (11:6) బోధకు ఆ మట్టి కుండ ఒక చిన్న వ్యాఖ్యానం.

పిట్టలకూ ఈ పురుగులే ఆధారం. పెద్ద పిచ్చుక గింజలు తింటుంది. కానీ గూట్లోని పిల్లలకు అది తెచ్చి పెట్టేది ఎక్కువగా పురుగులనే. పువ్వుల తేనె తాగే తేనెపిట్ట కూడా తన పిల్లలకు సాలీళ్లను, పురుగులను తెచ్చి పెడుతుంది. కాబట్టి ఒకవైపు మొక్కలన్నింటికీ మందు కొడుతూ, మరోవైపు పిచ్చుకలు ఏమైపోయాయని బాధపడటంలో అర్థం లేదు.

ఈ గొలుసును తెంచితే ఏమవుతుందో ప్రపంచం చూసింది. 1958లో చైనా ప్రభుత్వం నాలుగు చీడలను నిర్మూలించాలని ఉద్యమం నడిపింది. గింజలు తింటుందని పిచ్చుకను కూడా ఆ జాబితాలో చేర్చింది. జనం డప్పులు, గిన్నెలు మోగిస్తూ వాటిని వాలనివ్వకుండా తరిమి, అలసి పడిపోయేలా చేసి చంపారు. పిచ్చుకలు పోయాక పంటల మీద పురుగులు పెరిగిపోయాయి. 1960లో పిచ్చుక పేరును తీసేసి ఆ స్థానంలో నల్లిని చేర్చారు. ఆ దేశంలో 1959 నుంచి 1961 వరకు వచ్చిన ఘోర కరువుకు కారణాలు అనేకం. పిచ్చుకల సంహారం వాటిలో ఒకటి. అల్లాహ్ పెట్టిన తూకాన్ని చెదరగొట్టవద్దన్న సూరా అర్ రహ్మాన్ (55:7, 8) హెచ్చరిక అంగడి త్రాసుకు మాత్రమే పరిమితమైనది కాదు.

ఒక తల్లి రెపరెపలు

చూడటం వేరు, గమనించడం వేరు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. ఒక ప్రయాణంలో కొందరు సహాబాలు పిచ్చుకలాంటి పిట్టను, దాని ఇద్దరు పిల్లలను చూశారు. పిల్లలను పట్టుకున్నారు. తల్లిపిట్ట రెక్కలు కొట్టుకుంటూ అక్కడే తిరగసాగింది. అంతలో దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) అక్కడికి వచ్చారు. పిల్లలను తీసుకుని ఈ తల్లిని బాధపెట్టిందెవరని అడిగారు. వాటిని తల్లికి తిరిగి ఇచ్చేయమని ఆదేశించారు.

అక్కడున్న అందరి కళ్ల ముందూ ఉన్నది ఒకే పిట్ట. దాని రెపరెపల్లో ఒక తల్లి శోకాన్ని గుర్తించింది మాత్రం సకల లోకాలకు కారుణ్యంగా పంపబడిన ప్రవక్త (స) చూపు. విశ్వాసి అలవరచుకోవలసిన చూపు ఇదే. గమనించినవారు ఆ తర్వాత ఊరుకోలేరని కూడా ఇందులో ఉంది. ఆయన జాలిపడి వదిలేయలేదు, పిల్లలను తిరిగి ఇప్పించారు. చూపు బాధ్యతను తెస్తుంది.

ప్రేమించే కన్ను, పట్టే చేయి

చూపు ఒక్కటే సరిపోదని చరిత్ర చెబుతుంది. మొగల్ చక్రవర్తి జహంగీర్‌కు పక్షులంటే ఎంతో మక్కువ. లైలా, మజ్నూ అని పేర్లు పెట్టుకున్న సారస కొంగల జంట గుడ్లు పెట్టి పొదిగిన తీరును ఆయన తన స్వీయచరిత్రలో వివరంగా రాశాడు. అదే పుస్తకంలో తాను స్వయంగా వేటాడి చంపిన జంతువులు, పక్షులు 17 వేలకు పైగా ఉన్నట్లు లెక్క కూడా రాసుకున్నాడు. ఒకే మనిషిలో అంత చక్కని కన్ను, అంత ఆగని చేయి!

మన కాలానికి దగ్గరివారు పక్షి శాస్త్రవేత్త డాక్టర్ సాలిం అలీ. 1896లో బొంబాయిలో ఒక ముస్లిం కుటుంబంలో పుట్టారు. చిన్నతనంలో ఎయిర్‌గన్‌తో ఓ పిచ్చుకను కొట్టారు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. మామూలు పిచ్చుకలా లేని ఈ పిట్టను ముస్లింలు తినవచ్చా, లేదా అన్న సందేహం వచ్చి మేనమామ దగ్గరికి తీసుకెళ్లారు. అక్కడి నుంచి అది బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చేరింది. ఆ పిల్లవాడి జీవితమే మారిపోయింది. 1931, 32 సంవత్సరాల్లో హైదరాబాద్ రాజ్యమంతటా పక్షుల సర్వే జరిపింది ఆయనే. ఆ రోజుల్లో శాస్త్రం కోసమైనా పక్షిని కాల్చి చేతిలోకి తీసుకుంటేనే అధ్యయనం. నేడు దుర్భిణి, కెమెరా వచ్చాక దాన్ని తాకకుండానే తెలుసుకోవచ్చు. ఒక విషయం మాత్రం గుర్తుంచుకోదగ్గది. తినే ముందు ఇది నాకు ధర్మసమ్మతమేనా అని ఒక పిల్లవాడు ఆగాడు. ఆ ఆగడంలోంచే అతనికి జ్ఞానద్వారం తెరుచుకుంది.

పంజరం సంగతి

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. హజ్రత్ అనస్ (రజి) చిన్న తమ్ముడు అబూ ఉమైర్ ఒక చిన్న పిట్టను పెంచుకునేవాడు కదా? అది చనిపోయినప్పుడు దైవప్రవక్త (స) ఆ పిల్లవాణ్ణి ముద్దుగా పేరు పెట్టి పిలిచి, పిట్ట సంగతి ఏమైందని పలకరించారు కదా? నిజమే. బుఖారీ, ముస్లింలలో ఉన్న ఈ హదీసు ఆధారంగానే, ఆహారం, నీరు సరిగా ఇస్తూ బాధించకుండా ఉంటే పక్షిని పెంచుకోవచ్చని చాలామంది ధర్మవేత్తలు అభిప్రాయపడ్డారు. ఆ అనుమతిని కాదనడం మన ఉద్దేశం కాదు.

అయితే అనుమతి ఉన్న ప్రతి పనీ ఉత్తమమైన పని అయిపోదు. పైగా రెండు విషయాలు ఆలోచించాలి. దైవప్రవక్త (స) మనకు దైవంపై భరోసా, అంటే తవక్కుల్ నేర్పడానికి పక్షినే ఉదాహరణగా చూపారు. అది పొద్దున ఖాళీ కడుపుతో గూడు విడిచి వెళ్తుందని, సాయంత్రం నిండు కడుపుతో తిరిగి వస్తుందని తిర్మిజీ హదీసు తెలుపుతోంది. పంజరంలోని చిలుకకు ఆ పొద్దున వెళ్లడమూ లేదు, సాయంత్రం రావడమూ లేదు. రెక్కలు చాపిన పక్షుల స్తోత్రం గురించి ఖుర్ఆన్ చెబుతోంది. ఆ రెక్కలు చాపే చోటే లేకుండా చేసి, దాని నోట సలాం పలికించుకుని మనం మురిసిపోతున్నాం. అది మన దగ్గర నేర్చుకున్న మాట కంటే, అది తన ప్రభువు దగ్గర నేర్చుకున్న స్తోత్రమే గొప్పది కాదా?

చట్టం మాట కూడా ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు రామచిలుకలు, మునియాలు, గోరింకల వంటి అడవి పక్షులను పట్టడం, అమ్మడం, కొనడం నేరం. పంజరాల్లోనే పుట్టి పెరిగిన విదేశీ జాతుల పిట్టల సంగతి వేరు. వాటిని వదిలేస్తే బతకలేవు. వాటిని తెచ్చుకున్నవారు చివరిదాకా చక్కగా చూసుకోవడమే ధర్మం. పిల్లిని కట్టేసి ఆకలితో చంపిన స్త్రీ నరకానికి వెళ్లిందన్న హదీసును ప్రతి పంజరం పక్కనా గుర్తుంచుకోవాలి. తిండి పెట్టలేదు, తన తిండి తాను వెతుక్కునేలా వదలనూ లేదన్నదే ఆమె నేరం.

డబ్బిచ్చి విడిపిస్తే?

మరో ఆచారం గురించి మెత్తగానే అయినా చెప్పక తప్పదు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తేనో, ఆపద వస్తేనో బజారులో పిట్టలను కొని సదఖాగా ఎగరేసే అలవాటు మనవాళ్లలో కొందరికి ఉంది. సంకల్పం మంచిదే. కానీ ఆ పిట్ట బజారుకు ఎలా వచ్చింది? మనం వదులుతామన్న నమ్మకంతోనే ఎవరో వల వేశారు. వలలో, బుట్టలో నలిగి చనిపోయినవాటి లెక్క మనకు తెలియదు. ఎగరేసినవి కూడా నీరసించి దగ్గర్లోనే పడిపోతాయి, కొన్ని మళ్లీ వలకే చిక్కుతాయి. మనమిచ్చిన డబ్బు రేపటి వలకు పెట్టుబడి అవుతుంది. ఒక పిట్టను విడిపించామన్న తృప్తి కోసం పది పిట్టలను పట్టించినట్లవుతుంది.

సదఖాకు మార్గాలు తక్కువేమీ కాదు. ఒక ముస్లిం నాటిన మొక్క నుంచి మనిషి గానీ, పక్షి గానీ, జంతువు గానీ తింటే అది అతనికి సదఖా అవుతుందని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. ఆ డబ్బుతో ఓ దానిమ్మ మొక్క నాటండి. పిట్ట తనంతట తానే వచ్చి తిని, తనంతట తానే ఎగిరిపోతుంది. ఆ పుణ్యం ఏళ్ల తరబడి కొనసాగుతుంది.

హాని చేసే ప్రాణుల మాటేమిటి?

ఇస్లాం వాస్తవాన్ని విస్మరించే ధర్మం కాదు. తేలు, ఎలుక, పిచ్చికుక్క వంటి హానికర ప్రాణులను చంపడానికి హదీసు అనుమతించింది. కాకి, గద్దల పేర్లు కూడా అందులో ఉన్నాయి. ఆ అనుమతికి కారణం హాని అని ధర్మవేత్తలు వివరించారు. హాని లేనిచోట వినోదం కోసం రాయి విసరడానికి అది ఆధారం కాజాలదు. ప్రాణమున్నదాన్ని కట్టి గురిపెట్టడాన్ని దైవప్రవక్త (స) శపించారు. మరోవైపు చీమ, తేనెటీగ, హుద్‌హుద్, సురద్ అనే చిన్న వేటపిట్ట, ఈ నాలుగింటినీ చంపవద్దని అబూ దావూద్, ఇబ్నె మాజాలలో ఉంది. హజ్రత్ సులైమాన్ (అలై) దగ్గరికి సబా రాజ్య వార్త తెచ్చిన హుద్‌హుద్ జాతి పిట్ట, తలపై కిరీటంలాంటి ఈకలతో, మన తెలుగు నేల మీద కూడా కనిపిస్తుంది.

దోమల వల్ల డెంగీ, మలేరియా వస్తుంటే ఊరుకోమని ఎవరూ చెప్పరు. నిల్వ నీటిని పారబోయడం, పరిశుభ్రత పాటించడం మన విధి. పిల్లల ఆకలి తీర్చడం, పక్కింటివారి హక్కు నెరవేర్చడం కూడా పిట్టల కంటే ముందు చేయాల్సినవే. అయితే పిట్ట మీద దయ చూపినవారు మనిషి మీద దయ తగ్గించుకోవాల్సిన పని లేదు. దయ ఖర్చు చేస్తే తరిగే సొమ్ము కాదు.

మన ముంగిట్లో

ఇందుకు పెద్ద తోట అవసరం లేదు. డాబా మీద వెడల్పాటి మట్టి మూకుడులో రోజూ నీళ్లు మార్చి పెట్టండి. మార్చకపోతే దోమలు పెరుగుతాయి. గూడు కనిపిస్తే పిల్లలను దూరం నుంచే చూడనివ్వండి. సంక్రాంతి రోజుల్లో పాతబస్తీ ఆకాశమంతా గాలిపటాలే. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. ఆ దారం గద్ద రెక్కను కోస్తుంది, బైకు మీద వెళ్లే మనిషి గొంతునూ కోస్తుంది. మీ అబ్బాయి చేతి చర్ఖాలో ఏ దారం ఉందో మీరే చూడండి.

అన్నింటికంటే ముఖ్యం, ఫజ్ర్ నమాజు తర్వాత పది నిమిషాలు. నిలబడీ, కూర్చొనీ, పడుకొనీ అల్లాహ్‌ను స్మరించేవారిని, సృష్టి గురించి ఆలోచించేవారిని సూరా ఆలి ఇమ్రాన్ (3:190, 191) వివేకవంతులని ప్రశంసించింది. ఆ సమయంలో పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని వాలే పిట్టను, పాకే పురుగును చూపించండి. "అమ్మీ, దాన్ని పట్టివ్వవా?" అని వాళ్లు అడుగుతారు. "అది మనది కాదమ్మా, దాన్ని పంపినవాడిది. చూడటానికి మాత్రమే మనకిచ్చాడు" అని చెప్పండి. ఆ మాట మనసుకెక్కిన పిల్లవాడు పెద్దయ్యాక పొరుగువాడి సొత్తు మీద, బలహీనుడి హక్కు మీద చేయి వేసేముందు తప్పకుండా ఒక క్షణం ఆగుతాడు.

అల్లాహ్ తన సూచనలను చూసే కళ్లను, చూసినదాని హక్కును నెరవేర్చే చేతులను మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.